సారపు ధర్మమున్... 'ఉపేక్ష సేసి రది' కాడ ఆగిపోయా

పెన్నగట్టు: తిక్కన గారి భారతంలో కౌరవ సభలో కృష్ణుడు చెప్పే పద్యం పొద్దున్నుంచీ నోట్లో ఆడతా ఉంది. ధర్మాన్ని పాపం, సత్యాన్ని బొంకు చెడగొట్టే అవస్థ వస్తే, ఆపగలిగిన దక్షులు ఉపేక్షించారా, అది వాళ్లకే చేటు అని దాని భావం. "దక్షులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు" కాడికొచ్చి ఆగిపోతున్నా. ఈ 'అది' ఉపేక్షకి పోతుందా, ధర్మం చెడిన అవస్థకి పోతుందా?

కనిగిరి మాస్టారు: అవస్థకే. కానీ బరువంతా 'దక్షులు' మీదుంది. సంస్కృత మూలంలో "హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః" అనుంది, చూస్తా కూచున్న సభవాళ్లంతా చచ్చినట్టే అని. తిక్కన సభాసదుల్ని తీసేసి ఆపగలిగినోళ్లని పెట్టాడు. చేతకానోణ్ణి వదిలేశాడయ్యా, అదీ ఆయన న్యాయం.

ఉదయగిరి: దక్షులు సరే మాస్టారూ, ఉపేక్షని అట్టా దాటేస్తే ఎట్టా? ప్రేక్షలోనూ ఉపేక్షలోనూ ఉండేది ఒకటే ఈక్ష, చూపు. చెరువు కట్టకి రాత్రి బుంగ పడితే నిద్రపోయిన కావలోడిది ఏమరుపాటు, టార్చి వేసి చూసి 'నా పొలం ఈ చెరువు కింద లేదు గదా' అని పోయినోడిది ఉపేక్ష. రెండిట్లోనూ గండి ఒకటే. తెలిసి మానుకున్నాడా అన్నదాన్ని బట్టే మనం ఆ మనిషిని అర్థం చేసుకుంటాం.

కందుకూరు అక్క: జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ దీన్నే పట్టుకున్నాడు. చేసేవాడికి తన పనిలో ఒక అర్థం ఉండి, ఎదుటివాళ్లని లెక్కలో పెట్టుకుని చేస్తేనే సామాజిక చర్య అంటాడు, చెయ్యకుండా మానుకోవడం, ఊరికే సహించడం కూడా అందులోకే వస్తాయంటాడు. రెండు సైకిళ్లు అనుకోకుండా గుద్దుకుంటే అది ప్రకృతిలో జరిగే ఘటన లాంటిదే, తప్పించబోవడం, తర్వాత తిట్టుకోవడం మాత్రం సామాజిక చర్య. అయితే నాకు ఉదయగిరి మాట పూర్తిగా ఒప్పుదల కాలేదు. ద్రౌపదిని సభకి ఈడ్చుకొచ్చిన రోజు భీష్ముడికి చెడు ఉద్దేశం ఏముంది? ధర్మం సూక్ష్మం అన్నాడు, ఆగిపోయాడు. పద్యం ఆయన మనసులో ఏముందని అడగట్లా, ఆపగలిగీ ఆపలేదు, అంతే.

ఉదయగిరి: అక్కా, చెడు ఉద్దేశం లేకపోవడం వేరు, ఉద్దేశమే లేకపోవడం వేరు. ఆగిపోవాలని ఆయనే ఎంచుకున్నాడు. ఇంకోటి, యోగసూత్రాల్లో పతంజలి మైత్రి, కరుణ, ముదిత (సంతోషం)లతో పాటు ఉపేక్షనీ చెప్పాడు, అదీ అపుణ్యం, అంటే పాపం పట్ల! చిత్తం తేటపడాలంటే ఉపేక్షించమంటాడాయన, తిక్కనేమో చేటంటాడు.

కనిగిరి మాస్టారు: యోగి గుహలో ఉంటాడబ్బాయ్, దక్షుడు సభలో ఉంటాడు. పదిహేను పర్వాలు రాసినాయన, నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువు కళ్లారా చూసినాయన. సభలో పెద్దోళ్ల మౌనం ఎట్టుంటుందో తెలియకుండా ఈ పద్యం రాదు. కీచకుడు విరాటుడి ఎదటే ద్రౌపదిని తన్నిన చోటు మళ్లీ చదవండి, రాజు నోరు మెదపని ఘట్టం, తిక్కన నడక అంటే అదీ.

పెన్నగట్టు: 'అది' అవస్థకే అన్నారు గానీ, నాకింకా తేలలేదు మాస్టారూ. ఇంకో అనుమానం కూడా, విదురుడు నోరు తెరిచి చెప్పాడు గదా, ఎవరూ వినలేదు. ఆయన్ని దక్షుల్లో కలపాలా వద్దా?

కందుకూరు అక్క: కౌరవుల్లో ఒకడై ఉండీ ఆ సభలో ద్రౌపది పక్షాన మాట్లాడిన వికర్ణుణ్ణి కూడా కలిపి అడుగు.