గార్సీనియా క్యాప్సూల్స్ అమ్మకి ఇవ్వొచ్చా?

పర్లాకిమిడి నుంచి: అమ్మకి థైరాయిడ్, రోజూ మాత్ర వేసుకుంటుంది. బరువు తగ్గుతావంటూ పక్కింటి పిన్ని గార్సీనియా క్యాప్సూల్స్, లేబుల్ లేని ఓ పొడి తెచ్చిచ్చింది, మూలికలేగా ఏం కాదంటోంది. వాడొచ్చా?

బరంపురం నుంచి: ఆ పొడి మాత్రం వద్దమ్మా. ఆకలి చంపే సిబుట్రమిన్ గుండెకి ముప్పని మన దేశంలో 2011లోనే నిషేధించారు, అయినా మూలికల పేరుతో అమ్మే సరుకులో అది కలిపి పట్టుబడుతూనే ఉంది. గార్సీనియాతో లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి.

రాయగడ నుంచి: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించి ఎన్నాళ్లయింది? మాత్ర డోసు సరిపోకపోయినా బరువు పెరుగుతుంది, ముందు అది చేయించండి.

గుణుపురం నుంచి: ఇసబ్‌గోల్ అయితే కడుపు నిండినట్టుంటుంది, నీళ్లు బాగా తాగాలి. థైరాయిడ్ మాత్రకీ దానికీ 4 గంటల ఎడం ఉండాలి, లేకపోతే మాత్ర ఒంటికి సరిగా పట్టదు.

పర్లాకిమిడి నుంచి: థాంక్సండీ, రేపే టెస్ట్ చేయిస్తాను.