రామప్ప రంగమండపం నాట్యశాలేనా? పిల్లలకు ఏం చూపించాలి?

గజ్జెల_గుంపు: హనుమకొండ నుంచి కాకతీయుల కాలం నాటి పేరిణి నాట్యం నేర్చుకునే పన్నెండు మంది పిల్లలతో పాలంపేటలోని రామప్ప గుడికి పోతున్నం. గర్భగుడి ముందున్న మండపంలో నిజంగా నాట్యం చేసేవాళ్లా? జాయప సేనాని నాట్యం మీద రాసిన పుస్తకం చూసి అక్కడి నాట్యం బొమ్మలు చెక్కారట, నిజమేనా? కొడితే సరిగమలు పలికే శిల్పం ఎక్కడుంది?

రాతిపని: ముందు పుస్తకం సంగతి. ఆ మాట తలకిందులుగా ఉంది. గుడి కట్టించిన సేనాపతి రేచర్ల రుద్రుడి శాసనం ప్రకారం గుడి 1213 నాటిది. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళం అధిపతి, జాయప ఆ పుస్తకం నృత్తరత్నావళి రాసింది 1253–54లో. నలభై ఏళ్ల తర్వాత వచ్చిన పుస్తకం చూసి ముందే ఎట్ల చెక్కుతారు? రాతిలోనూ పుస్తకంలోనూ ఉన్నది అప్పటికే ఆడుతున్న ఆట. మన కాలంలో నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకునే పేరిణిని మళ్లీ నిలబెట్టారు. పిల్లలకు ఈ వరుస చెప్తే చాలు.

మండపానికి తూర్పు, దక్షిణ, ఉత్తర దిక్కుల మూడు వాకిళ్లు. చుట్టూ నిండు గోడ లేదు, కూర్చునే అరుగులతో పొట్టి గోడ మాత్రమే. అందుకే మూసిన హాల్లోలాగా దరువు గోడలకు కొట్టుకుని తిరిగిరాదు, చాలావరకు బయటికి పోతుంది. పేరిణిలో ఘర్ఘరం అనే భాగం గజ్జెల పని కదా, ఒక మోత మీద ఇంకో మోత పడితే లెక్క తెలియదు. అయితే శబ్దం కోసమే అట్ల కట్టారని మాత్రం అనను. అప్పటి గుడి మండపాలు చాలా అట్లనే ఉంటయి.

నడిమి నాలుగు నల్లరాతి స్తంభాల దగ్గరే ఎక్కువ సేపు ఆగండి. టార్చ్ ఎదురుగా కొట్టొద్దు, రాయి మెరిసి బొమ్మ పోతుంది. పక్క నుంచి, రాతికి ఆనించినంత వాలుగా పట్టండి. మోకాలి వంపు, మద్దెల మీద వేళ్లు అప్పుడు తేలుతయి. నాట్యం చేసే బొమ్మకు అటూ ఇటూ వాయించేవాళ్లను వెతకమనండి.

చెరువుకట్ట: సరిగమల శిల్పమంటే గర్భగుడి వాకిలి పక్కన వేణువు పట్టిన కృష్ణుడు. గట్టి రాయిని సన్నగా చెక్కితే మోగుతది. పొడవు, మందం మారితే స్వరం మారుతది, అంతే. దయచేసి పిల్లలతో కొట్టించకండి. ఎనిమిది వందల ఏళ్ల రాయికి రోజూ వందల గోళ్లు తగిలితే అంచులు అరుగుతయి, చేతి జిడ్డు పట్టి నల్లబడుతయి.

నేల అక్కడక్కడ ఎత్తుపల్లాలుగా ఉంటది, కాలు చూసుకుని నడవమనండి. పునాది కింద ఇసుక నింపిన గుంట ఉంది, అది కదిలితే పైరాయి దిగుతది. ఇదే బాధతో వెయ్యిస్తంభాల గుడి మండపం రాళ్లు విప్పి మళ్లీ నిలబెట్టి, 2024 మార్చిలో తెరిచారు. దారిలోదే కదా, ముందు అది చూడండి.

గజ్జెల_గుంపు: రామప్ప మండపంలోనే పిల్లలతో రెండు నిమిషాలు ఆడిస్తే?

రాతిపని: లోపల వద్దు. కార్యక్రమానికి పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, పన్నెండు ఉన్నయి, బయట చూరు కింద. ఒక్కొక్కరికి ఒకటి పంచండి, ఆ భంగిమ పట్టుకుని బయట పచ్చికలో నిలబడతరు.