లీవర్ రైఫిలుకు సేఫ్టీ బటన్ కావాలా, హాఫ్ కాక్ చాలా?

మొదటి సీజను:
అందరికీ నమస్కారం. నేను పెన్సిల్వేనియాలో ఉంటున్నాను. ఈ ఏడాది వేట శిక్షణ తరగతి పూర్తి చేసి లైసెన్సు తీసుకున్నాను. థాంక్స్‌గివింగ్ తరువాతి శనివారం మొదలయ్యే జింకల సీజనుకు వాడిన మార్లిన్ 336 (ట్రిగ్గర్ దగ్గరి లీవరును దించి, మూసి తూటా ఎక్కించే రైఫిలు) ఒకటి కొనాలని ఉంది. దుకాణంలో రెండు చూశాను. రెండూ థర్టీ థర్టీ అనే రకం తూటా వాడేవే, రెండింటి గొట్టమూ 20 అంగుళాలే, చేతిలో బరువు కూడా దాదాపు ఒకటే. ఒకదాని సీరియల్ నంబరు 24తో మొదలవుతుంది, దానికి పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ బటన్ లేదు. రెండోది 08తో మొదలవుతుంది, దాని రిసీవర్ (యంత్రభాగాలు ఉండే మధ్య భాగం) వెనక భాగంలో అడ్డంగా నొక్కే బటన్ ఉంది. నాతో వేటకు వచ్చే మిత్రుడు బటన్ లేనిదే కొనమంటున్నాడు. తరగతిలో పాఠం చెప్పినవారు మాత్రం కొత్తవాడికి బటన్ ఉన్నదే మేలన్నారు. ఇద్దరి మాటా కొట్టిపారేయలేక ఇక్కడ అడుగుతున్నాను.

పాత హ్యామర్:
ముందు వాటి వయసు చెబుతాను. ఆ కాలపు మార్లిన్లకు నంబరులోని మొదటి రెండంకెలను 100లోంచి తీసేస్తే తయారైన సంవత్సరం వస్తుంది. మీరు చూసిన మొదటిది 1976 నాటిది, రెండోది 1992 నాటిది. 336 మార్కెట్లోకి వచ్చింది 1948లో అయితే, బటన్ వచ్చింది 1984 ప్రాంతంలో. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894కు కూడా 1992 దాకా అలాంటి బటన్ లేదు. అన్నేళ్లూ లక్షలాది మంది హాఫ్ కాక్‌ను, అంటే తూటాను పేల్చే సుత్తిని (హ్యామర్‌ను) సగం లాగి ఆపే పద్ధతిని, నమ్ముకునే అడవికి వెళ్లి క్షేమంగా ఇంటికి వచ్చారు.

బటన్ లేనంత మాత్రాన ఆ రైఫిలుకు రక్షణ లేదనుకోవద్దు. హ్యామర్‌ను సగం దూరం లాగినప్పుడు దాన్ని పట్టి ఉంచే సియర్ అనే ముక్క కొన లోతైన గాటులో కూర్చుంటుంది, అక్కడ ఉండగా ట్రిగ్గర్ నొక్కినా హ్యామర్ పడదు. లీవరును పిడికిలితో పూర్తిగా బిగించి పట్టుకుంటే తప్ప ట్రిగ్గర్ కదలదు. మార్లిన్‌లో ఫైరింగ్ పిన్ (హ్యామర్ దెబ్బను తూటాకు చేర్చే సూది) రెండు ముక్కలుగా ఉండి, బోల్టు (తూటా వెనక మూతలా నిలిచే ముక్క) పూర్తిగా మూసుకున్న తరువాతే ఆ రెండూ ఒకే వరసలోకి వస్తాయి. ఇవన్నీ మీరు గుర్తుపెట్టుకున్నా పెట్టుకోకపోయినా వాటి పని అవి చేసుకుపోతాయి. బటన్ అలా కాదు, దాన్ని మీరే గుర్తుపెట్టుకోవాలి.

నేను ఒకసారి గుర్తుపెట్టుకోలేదు. పాటర్ కౌంటీలో, సీజను మొదటి రోజు, తెల్లవారిన కాసేపటికి, హెమ్లాక్ చెట్ల నడుమ నుంచి ఒక మగ జింక నలభై గజాల దూరానికి వచ్చి నిలబడింది. నెమ్మదిగా హ్యామర్ లాగి, ఊపిరి బిగబట్టి, ట్రిగ్గర్ నొక్కితే "టక్" మని హ్యామర్ వెళ్లి బటన్‌కు అడ్డుపడి ఆగిపోయింది. ఆ చప్పుడు ఎంత చిన్నదో నాకు తెలుసు, జింకకు అది ఎంత పెద్దదో కూడా ఆ క్షణంలోనే తెలిసింది. అప్పటి నుంచి బటన్ ఉన్న రైఫిలు వాడవలసి వస్తే, దానికి చిన్న రబ్బరు రింగు తొడిగి కదలకుండా చేసి వాడుతున్నాను. మీరు 1976 నాటిదే తీసుకోండి.

చలి తోవ:
పాత హ్యామర్ గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆయన చెప్పినదంతా జింక ఎదురైన క్షణం గురించే. మనం తుపాకీతో గడిపే రోజులో ఆ క్షణం ఎంత? చీకటి పడ్డాక బండి దగ్గర నిలబడి తూటాలు తీసే సమయం ప్రతిరోజూ వస్తుంది. పెన్సిల్వేనియాలో తూటా ఉన్న రైఫిలును వాహనంలో పెట్టడం నేరం కాబట్టి దాన్ని తప్పించుకునే వీలు లేదు.

ఈ రైఫిలులో తూటాలు తీయడం ఎలాగో ఒకసారి దగ్గరగా చూడండి. గొట్టం కింద ఉండే గొట్టపు మ్యాగజైన్‌లో ఆరు తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వాటిని కుడి పక్కనున్న చిన్న తలుపు గుండా లోపలికి తోయగలమే గానీ అదే దారిన బయటికి తీయలేము. లీవరు కిందికి దించితే చాంబర్‌లోని (గొట్టం మొదట్లో, పేలడానికి సిద్ధంగా ఉండే చోటులోని) తూటా పక్కకు ఎగిరిపడుతుంది, పైకి మూస్తే తరువాతి తూటా చాంబర్‌లోకి వెళ్తుంది, హ్యామర్ పూర్తిగా వెనక్కి వాలి ఉంటుంది. అంటే ఆరు తూటాలు తీయాలంటే, నిండిన చాంబర్ మీద లేచి ఉన్న హ్యామర్‌తో, వేళ్లు లీవరు కడియంలో ట్రిగ్గర్‌కు అంగుళం దూరంలో ఉండగా, ఆరుసార్లు అదే పని చేయాలి. ఈ మొత్తం సేపూ హాఫ్ కాక్ మీకు ఏ సాయమూ చేయదు. బటన్ నొక్కి ఉంటే, పొరపాటున ట్రిగ్గర్ కదిలినా హ్యామర్ ఫైరింగ్ పిన్‌ను చేరదు.

నా చేతిలోనే ఒకసారి పేలింది. సాయంత్రం, తడిసిన చేతి తొడుగు, వేళ్లకు స్పర్శ తెలియడం లేదు. కాల్చే అవసరం రాలేదు గనుక, లేచి ఉన్న హ్యామర్‌ను మెల్లగా దించుదామని ట్రిగ్గర్ నొక్కాను. హ్యామర్ బొటనవేలి కింద నుంచి జారిపోయింది. గొట్టం నేలవైపు ఉంది కాబట్టి నా బూటుకు రెండడుగుల అవతల మంచులో నల్లని రంధ్రం పడిందంతే. ఇంటికి వెళ్లాక కూడా చాలాసేపు చేతులు వణికాయి. నేను వాడుతున్నది బటన్ లేని పాత రైఫిలు. ఉండి ఉంటే ముందు అదే నొక్కి, ఆ తరువాతే హ్యామర్ దించేవాణ్ని.

పాత హ్యామర్:
ఇంత నిజాయితీగా చెప్పినందుకు ధన్యవాదాలు. అయితే అక్కడ జరిగిన పొరపాటు ఏమిటో విడమరచి చెప్పకపోతే ప్రశ్న అడిగినవారికి అన్యాయం జరుగుతుంది. హ్యామర్ జారడం ఎవరికైనా జరిగేదే. అది జారిన సమయంలో మీ వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంది. సరైన పద్ధతిలో బొటనవేలితో హ్యామర్‌ను గట్టిగా పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, హ్యామర్ కదలడం మొదలైన వెంటనే ట్రిగ్గర్ వదిలేయాలి. అప్పుడు చేయి జారినా హ్యామర్ హాఫ్ కాక్ గాటులో పడి ఆగుతుంది. ఇది తూటాలు లేని రైఫిలుతో ఇంట్లో వందసార్లు చేసి చేతికి అలవాటు చేసుకోవలసిన పని. తూటాలు తీసే విషయంలో మాత్రం మీ వాదనకు నా దగ్గర జవాబు లేదు.

రిపేరు బల్ల:
తుపాకులు విప్పి బాగుచేసే అలవాటు ఉన్నవాడిగా రెండు మాటలు. 1976 నాటి రైఫిలు కొనేటప్పుడు హాఫ్ కాక్ గాటు అరిగిపోలేదని చూసుకోవాలి. చాంబరూ మ్యాగజైనూ ఖాళీ అని నిర్ధారించుకుని, హ్యామర్‌ను సగంలో నిలిపి, లీవరు బిగించి, ట్రిగ్గర్‌ను గట్టిగా నొక్కండి. హ్యామర్ ఏమాత్రం కదిలినా ఆ రైఫిలు వదిలేయండి. ఎవరో తెలియక ఆ గాటును ఆకురాయితో రుద్దిన రైఫిళ్లు నా బల్ల మీదికి వచ్చాయి.

రెండోది స్కోప్ సంగతి. మార్లిన్ ఖాళీ తూటాను పక్కకు విసురుతుంది గనుక దాని నెత్తిన స్కోప్ చక్కగా కూర్చుంటుంది. కానీ స్కోప్ పెట్టగానే హ్యామర్ దాని కిందికి పోయి, బొటనవేలికి సరిగా అందదు. అప్పుడు హ్యామర్‌కు పక్కకు చాచుకునే చిన్న కొమ్ము బిగించాలి. అది లేకుండా స్కోప్ వాడేవారికి హ్యామర్ దించడం నిజంగానే ప్రమాదం, వారికి బటన్ విలువ ఎక్కువ. మామూలు ఇనుప సైట్లతో వేటాడేవారికి అంత తేడా ఉండదు.

రబ్బరు రింగు సలహా మాత్రం నాకు నచ్చలేదు. తయారీదారు పెట్టిన రక్షణను పని చేయకుండా కట్టేసి, ఆ రైఫిలును రేపు మరొకరికి అమ్మితే, రింగు ఉందని తెలియనివాడు బటన్ పని చేస్తుందనుకుంటాడు.

మొదటి సీజను:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న దుకాణానికి మళ్లీ వెళ్లి, చలికాలపు తొడుగులు వేసుకుని, వారి అనుమతితో ఆరు డమ్మీ తూటాలు రెండింటిలోనూ ఎక్కించి తీసి చూశాను. మూడో తూటా దగ్గరే నా వేలు తెలియకుండా ట్రిగ్గర్ కడియంలోకి దూరింది. చలి తోవ గారు ఏమి చెబుతున్నారో అప్పుడు అర్థమైంది. 1992 నాటిది తీసుకున్నాను. తూటాలు ఎక్కించేటప్పుడు, తీసేటప్పుడు, హ్యామర్ దించేటప్పుడు బటన్ నొక్కి ఉంచుతాను. అడవిలో నడిచేటప్పుడు, కాచుకుని కూర్చున్నప్పుడు బటన్‌ను రెండో వైపుకు నొక్కి, కాల్చడానికి అడ్డు లేదని తెలిపే ఎర్ర వలయం కనబడుతోందని చూసుకుని, హాఫ్ కాక్ మీద ఉంటాను. ఇందులో తప్పుంటే చెప్పండి.

పాత హ్యామర్:
తప్పు లేదు. నేనైతే ఇప్పటికీ 1976 నాటిదే కొనేవాణ్ని. ఒక్కటి చేర్చుకోండి. ఆరు వేశాను, ఆరు బయటపడ్డాయి అన్న లెక్క మీద ఆధారపడకండి. చలిలో తూటా ఒకటి గొట్టపు మ్యాగజైన్‌లో ఇరుక్కుని, రైఫిలును కదిలించినప్పుడు రిసీవర్ వైపు రావడం నేను చూశాను. లీవరు దించి ఉంచి, చాంబర్‌లో చిటికెన వేలు పెట్టి తడిమి, మ్యాగజైన్ నోటి దగ్గర తూటాలను తోసే బిరడా కనబడేదాకా చూసి, అప్పుడు బండి తలుపు తీయండి.