ఖర్చుల ఫైలు, సేవల ఫైలు కలవడం లేదు, కాస్త చెప్పండి

డేటా డెస్క్:
పొద్దున తొమ్మిదింటి నుంచి ఇదే పని. ఆరోగ్య కేంద్రాల ఖర్చుల ఫైలు అకౌంట్స్ వాళ్లిచ్చారు. ఓపీ, కాన్పులు, టీకాల లెక్కలు ఇంకో ఫైల్లో ఉన్నాయి. రెండిట్లోనూ కేంద్రం కోడ్ ఉంది. అయినా 212 కేంద్రాల్లో 61 మాత్రమే కలిశాయి. కలిసిన వాటిలోనూ ఒకచోట మూడు నెలలు ఖర్చు సున్నా, నాలుగో నెల ఒక్కసారిగా కొండంత. ఏ కేంద్రానికి ఎంత డబ్బు చేరింది, దాంతో ఏం పని జరిగింది అనేది రేపటి సమీక్షలో పక్కపక్కన చూపించాలి. ఒకటే టెన్షన్. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

షీట్ మనిషి:
ఎందులో తెరిచారు? కోడ్ కాలమ్ టెక్స్టా, నంబరా?

పాత ఆడిటర్:
కోడ్ సంగతి తర్వాత. ముందు ఆ ఫైల్లో ఉన్నది ఖర్చేనా, విడుదలా, అంటే పై ఆఫీసు పంపిన డబ్బా? చాలామంది రెండిటినీ ఒకటే అనుకుంటారు. 1996లో ఉగాండాలో బడులకిచ్చే గ్రాంటు మీద సర్వే చేస్తే, అంతకు ముందు ఐదేళ్లలో విడుదలైన డబ్బులో సగటున 13 శాతమే బడికి చేరిందని తేలింది. పై ఆఫీసు పుస్తకాల్లో మాత్రం డబ్బు వెళ్లిపోయినట్టే. అందుకే విడుదల, అందింది, ఖర్చయింది అని మూడు కాలమ్‌లు వేరుగా ఉండాలి. ఇక మీ కొండంత నెల అంటారా, అది బిల్లు పాసైన నెల. పని జరిగిన నెల కాదు.

డేటా డెస్క్:
ఎక్సెల్‌లోనే అండీ. వాళ్లిచ్చిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) మీద డబుల్ క్లిక్ చేశాను. కోడ్ కోడే కదా, అందులో తేడా ఏముంటుంది?

షీట్ మనిషి:
అక్కడే పోయింది. అలా తెరిస్తే ఎక్సెల్ కోడ్‌ని నంబరనుకుని ముందు సున్నాలు తీసేస్తుంది, 00417 కాస్తా 417 అయిపోతుంది. ఇంపోర్ట్‌లో ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని పెట్టండి. సేవ్ చేసేసి ఉంటే అసలు ఫైలు మళ్లీ అడగండి.

ఖాతాల టీచర్:
ఆడిటర్ గారూ, విడుదలని కూడా కొన్ని లెక్కల్లో వ్యయం అనే రాస్తారు. 2011 నాటి ఆరోగ్య ఖాతాల పద్ధతిలో డబ్బు ఏ పథకం నుంచి వచ్చింది, ఎవరు సేవ అందించారు, ఏ సేవకి వాడారు అని విడివిడిగా చూస్తారు. ముందు ఆ చట్రం ఖాయం చేసుకోవాలి.

పాత ఆడిటర్:
అది దేశం మొత్తానికి వేసే లెక్కండీ. ఆయన అడిగేది ఒక్కో కేంద్రం గురించి. విడుదలని వ్యయం అంటే నేనొప్పుకోను.

ఖాతాల టీచర్:
ఒప్పుకోమనడం లేదు, వాడుకలో ఉందంటున్నాను.

వార్డు ఇన్‌ఛార్జి:
నాదొక మాట. మందులు, టీకాలు మాకు స్టోరు నుంచి వస్తాయి. ఆ విలువ మా కేంద్రం ఖర్చులో కనిపించదు. జీతాలు కూడా ఒక్కోసారి పై ఆసుపత్రి పేరు మీదే పడతాయి. మీ షీట్‌లో మేం చవగ్గా పని చేస్తున్నట్టో, పక్క కేంద్రం దుబారా చేస్తున్నట్టో కనబడుతుంది. రాత్రి రెండింటికి కాన్పు చేసిన ఇద్దరు మనుషులు ఆ అంకెలో ఉండరు. దయచేసి ఒక్కో కాన్పుకి ఇంత ఖర్చని ర్యాంకులు మాత్రం వేయకండి. మందుల ఇండెంట్లు, అంటే స్టోరుకి మేం రాసే మందుల కోరిక చీటీలు, కలపండి. జీతాల లిస్టు కూడా ఎవరు ఎక్కడ పని చేస్తున్నారో చూసి కలపండి. అప్పుడు మమ్మల్ని ఏమడిగినా జవాబు చెప్తాం.

షీట్ మనిషి:
కోడ్ సరి చేశారా?

డేటా డెస్క్:
చేశాను. 187 కలిశాయి. మిగతా 25 వార్డు ఇన్‌ఛార్జి మేడమ్ చెప్పిన లాంటివే, జీతాలన్నీ ఒకే ఆసుపత్రి కోడ్ మీద ఉన్నాయి. ఖర్చుని నెలవారీగా కాకుండా మూడు నెలలకి కలిపి చూపిస్తాను. ర్యాంకుల కాలమ్ తీసేశాను. థాంక్స్ అందరికీ.

పాత ఆడిటర్:
ఇంతకీ అది విడుదలా, ఖర్చా?

వార్డు ఇన్‌ఛార్జి:
మందుల ఇండెంట్లు దొరికాయా అండీ?