అమ్మ పన్ను నొప్పి: ప్రభుత్వ దంత ఆసుపత్రి గురించి తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లె. అమ్మకు 52 ఏళ్లు, మిరప కోతలకు కూలికి వెళ్తుంది. నాలుగు నెలలుగా దవడ పన్ను నొప్పి. లవంగం నమిలి, మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకొచ్చింది. ఇప్పుడు బుగ్గ వాచింది. ఇక్కడ ప్రైవేటులో రూట్ కెనాల్, క్యాప్ కలిపి 8 వేలు అన్నారు. అది విని "పీకించేస్తే పోతుంది కదా" అంటోంది. నాకు మనసొప్పడం లేదు.

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత ఆసుపత్రికి తీసుకెళ్దామనుకుంటున్నాను. మహాలక్ష్మి పథకంతో అమ్మకు బస్సు ఉచితమే. కానీ వెళ్లిన ప్రతిసారీ ఇద్దరి కూలి పోతుంది, అదే అసలు టెన్షన్. అక్కడ చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి, రూట్ కెనాల్‌కు ఎన్నిసార్లు రమ్మన్నారు? క్యాప్‌కు డబ్బు కట్టాలా? పొద్దున ఎన్నింటికల్లా ఓపీ చీటీ రాయించుకోవాలి?