జనవరి 26 ఫ్లవర్ షోకి బంతి, చామంతి టైముకి పూయాలంటే ఎలాగ?

నర్సన్నపేట కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది నర్సన్నపేట దగ్గర చిన్న నర్సరీ, నాన్న పెట్టింది, ఎక్కువగా కొబ్బరి, జీడి, మామిడి మొక్కలే, పూలమొక్కలు నేను రెండేళ్ల బట్టి మొదలెట్టాను. పోయినేడు జనవరి 26 షోలో ఇరవై అడుగుల గార్డెన్ ముక్క ఇచ్చారు. అక్టోబర్ చివర్లో బంతి విత్తనం మొత్తం ఒక్కరోజే పోసేశాను, చామంతి పిలకలు జూలైలో పెట్టినవి. భోగి నాటికే తోటంతా పచ్చగా పూసేసింది, గొబ్బెమ్మలకి వీధిలో ఆడోళ్ళందరికీ పంచాం కూడా, 25న ఆటో ఎక్కించేసరికి సగం పూలు వాడిపోయున్నాయి. ‘షో మన వీధిలోనే అయిపోయింది కదరా’ అంది అమ్మ. ఈసారి 1000 మొక్కలు కావాలి. ఇప్పుడు సెప్టెంబర్ మొదటివారం, ఏటి చెయ్యాలో చెప్పండి.

పాత మాలి, విజయనగరం:
బాబూ, షో తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకో. పెద్ద బంతి విత్తనం నుంచి పువ్వుకి 60, 65 రోజులు, చలికి ఇంకో వారం లేటవుద్ది, చిన్న బంతి 50 రోజుల్లోపే పూసేస్తుంది. కాబట్టి పెద్దది నవంబర్ 10, 17, 24 అలా మూడు విడతలు పోసుకో, ఏదో ఒక విడత కరెక్టుగా కూర్చుంటాది. ఎదిగిన మొక్కకి తల తుంచితే కొమ్మలొస్తాయి, పూత రెండు వారాలు వెనక్కెళ్తుంది, తొందరపడిన విడతని అలా ఆపొచ్చు. 1000 కావాలంటే 1500 పెంచు, నారుకుళ్ళుకే ఎన్ని పోతాయో తెలీదు కదా. కోకోపీట్, అదే కొబ్బరి పీచు పొడి, మన ఉద్దానం వైపు దొరుకుతుంది గాని రెండు మూడుసార్లు నీళ్ళలో కడిగి వాడు, ఉప్పుంటే ఆకు అంచులు మాడతాయి.

టెక్కలి తమ్ముడు:
అన్నా ఇంత తలనొప్పి ఎందుకు, కడియం నర్సరీలకి చెప్పేస్తే లారీలో పూసిన మొక్కలే దిగుతాయి.

నర్సన్నపేట కుర్రోడు:
అది తెలుసు తమ్ముడూ, కాని ‘మేం పెంచినవి’ అని బోర్డు రాసి పక్కోడి మొక్కలెలా పెడతాం. మాలి గారూ, మరి చామంతి? దానికి విత్తనం లెక్క లేదు కదా.

చామంతి అప్ప:
చామంతికి రాత్రి పొడుగు కావాలి నాయనా, రాత్రి పెరిగేకొద్దీ మొగ్గేస్తుంది, అందుకే వదిలేస్తే నవంబర్, డిసెంబర్‌కే పూసేస్తుంది. నువ్వు ఆపాలంటే ఇప్పుడే పోయినేటి తల్లిమొక్కల కొమ్మలు కత్తిరించి నీడలో వేరు పట్టించు, వేరు పట్టేటప్పటి నుంచే వాటి మీద రోజూ రాత్రి 10 నుంచి 2 దాకా బల్బులు వెలిగించు. నడిరాత్రి వెలుగు పడితే రాత్రి పొట్టిదనుకుంటుంది, మొగ్గ వెయ్యదు. నవంబర్ 20 దగ్గర లైట్లు ఆపెయ్, అక్కణ్ణించి ఎనిమిది, తొమ్మిది వారాలకి పూత. రకాన్ని బట్టి వారం అటూఇటూ ఉంటుంది గనక సగం మొక్కలకి నాలుగు రోజులు ముందే ఆపు. ఆపాక మాత్రం చీకటంటే చీకటే ఉండాలి, మా గేటు దగ్గర వీధిలైటు కింద ఉన్న వరస ఒక ఏడు సంక్రాంతికి కూడా మొగ్గెయ్యలేదు, ఆకులేమో ఏపుగా ఉన్నాయి.

పాత మాలి, విజయనగరం:
చామంతి అప్ప చెప్పింది నిజం. ఇంకోటి, అక్టోబర్, నవంబర్‌లో తుఫాన్లు మనకి మామూలే. 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్‌కి మా షేడ్‌నెట్ ఎక్కడో పక్క ఊళ్ళో దొరికింది, 2018లో అదే నెల 11న తిత్లీ మీ జిల్లానే ఊడ్చేసింది కదా. మొక్కలు నేలలో వద్దు, కుండీల్లో, కవర్లలో ఉంచితే గాలి హెచ్చరిక రాగానే వరండాలోకి లాగేసుకోవచ్చు. షోలో కూడా కుండీతో సహా పాతి అంచు మట్టితో కప్పెయ్, ఎవడికీ తెలీదు, ఒక మొక్క వాడితే మార్చెయ్యొచ్చు.

నర్సన్నపేట కుర్రోడు:
అప్పా, ఆ వీధిలైటు మాట చదివాక నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు. మా రోడ్డు వైపు వరస కూడా పోయినేడు అందరికన్నా పచ్చగా ఉండి ఒక్క మొగ్గ వెయ్యలేదు, రకం తేడా అనుకుని మొత్తం పీకి గెత్తంలో పడేశాను. లైటుకి గోనె కట్టొచ్చా, పంచాయితీ వాళ్ళేమైనా అంటారా?

చామంతి అప్ప:
లైటు జోలికెళ్ళకు నాయనా, మొక్కలకే సాయంత్రం నల్ల పట్టా దింపు, తెల్లారి ఎత్తెయ్.