మొదటి సెమ్‌లో 6.2 వచ్చింది, ప్లేస్‌మెంట్స్‌కి ఇంక ఆశ లేదా?

సీఎస్ఈ_ఫ్రెషర్
జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్‌టీయూ) కింద కాలేజీ, ఆర్22 రెగ్యులేషన్స్. నిన్న రాత్రి రిజల్ట్స్ వచ్చాయి. అన్నీ పాసే కానీ ఎస్‌జీపీఏ (ఈ ఒక్క సెమ్ సగటు) 6.2. ఎమ్-1లో (మొదటి సెమ్ మ్యాథ్స్) ఇంటర్నల్ 27, ఎక్స్‌టర్నల్ 21, మొత్తం 48, సీ గ్రేడ్. ఇంటర్‌లో నాకు 960 పైనే. మా బెంచీలో ఒకడికి 9.1. నాన్నకి ఇంకా చెప్పలేదు, అడిగితే "సర్వర్ బిజీ" అంటున్నా. ఇప్పుడు ఎంత చదివినా సీజీపీఏ (అన్ని సెమ్‌ల సగటు) లేస్తుందా? ఎమ్-1కి రీవాల్యుయేషన్ పెట్టనా?

లెక్కల_పంతులుబిడ్డ
తమ్ముడూ, ముందు కాగితం తియ్. నాలుగేళ్లకి 160 క్రెడిట్లు, మొదటి సెమ్‌వి 20. అంటే ఎనిమిదో వంతు. మిగతా 140 క్రెడిట్లకీ సగటున 8.2 తెచ్చుకున్నావనుకో: 20×6.2 = 124, 140×8.2 = 1148, మొత్తం 1272. 160తో భాగిస్తే 7.95. ఇది కూడా ఆగమైపోయిన బతుకేనా?

ఇంకో సంగతి. జేఎన్‌టీయూహెచ్‌లో పర్సంటేజీ అంటే సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణించాలి. కాబట్టి 60 శాతం అడిగే కంపెనీకి నీకు కావాల్సింది 6.5. చాలామంది 6 చాలనుకుని ఫైనలియర్‌లో నాలుక కరుచుకుంటారు. వేరే యూనివర్సిటీ వాళ్లు ఈ సూత్రం వాడకండి, మీ రెగ్యులేషన్స్ బుక్కులో ఉన్నదే చూసుకోండి.

చాక్‌పీస్
ఇంజనీరింగ్ కాలేజీలో మ్యాథ్స్ చెప్తాను. 960 వచ్చిన పిల్లలే ఎమ్-1లో ఎందుకు జారతారో ఏటా చూస్తున్నా. ఇంటర్‌లో రోజూ స్టడీ అవర్, వారం వారం టెస్టు, వెనకాల ఒకరు నిలబడి చదివిస్తారు. ఇక్కడ ఆ నిలబడే మనిషి ఉండడు. మిడ్స్ (సెమ్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్షలు) అయిపోగానే పుస్తకం మూత పడుతుంది, మళ్లీ తెరిచేది ప్రిపరేషన్ హాలిడేస్‌లోనే.

పేపర్ తీరు చూడండి. 60 మార్కుల్లో పార్ట్-ఏ 10, పార్ట్-బీ 50. పార్ట్-బీలో యూనిట్‌కో ప్రశ్న, ప్రతిదానికీ "ఇది లేదా అది". పిల్లలు మాట్రిక్సులు, ఐగెన్ విలువలు బాగా చేసి, చివరి యూనిట్ మల్టిపుల్ ఇంటిగ్రల్స్‌ని వదిలేస్తారు. "చాయిస్‌లో పోతుందిలే" అంటారు. పోదు. చాయిస్ యూనిట్ లోపలే, యూనిట్ వదిలితే 10 మార్కులు వదిలినట్టే. అలా రెండు యూనిట్లు వదిలినవాడు మహా అయితే 40కి రాస్తున్నాడు, అందులోంచి పాసుకి 21 రావాలి. బాబూ, నీ 21 చూస్తే నువ్వూ ఏదో వదిలావనే అనుమానం.

సీఎస్ఈ_ఫ్రెషర్
నాలుగు, ఐదు యూనిట్లు సార్ 🙏

పాలమూరు_పిల్ల
నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొదటి సెమ్‌లో కెమిస్ట్రీ లెక్చరర్ చెప్పేది సగం అర్థమయ్యేది కాదు, సిగ్గుతో అడగలేదు. నాకు 5.9. తర్వాత నేనూ మా రూమ్మేటూ ఒక పద్ధతి పెట్టుకున్నాం: తనకి ఇంగ్లిష్ బాగా వచ్చు, నాకు లెక్కలు. తను చదివి తెలుగులో చెప్పేది, నేను ప్రాబ్లమ్స్ చేయించేదాన్ని. పాత ప్రశ్నపత్రాలు తప్ప వేరే మెటీరియల్ కొనలేదు. మూడో సెమ్‌కి 7.8. 9 పాయింటర్ని కాను, కాలేను కూడా, దానికి బాధ లేదు.

సప్లీ_సుబ్బారావు
6.2 వచ్చి ఏడుస్తున్నావా బ్రో? మా మెమోలో ఎస్‌జీపీఏ గడి ఖాళీ! ఒక్క సబ్జెక్టు పోయినా ఆ సెమ్ మొత్తం క్లియర్ అయ్యేదాకా అది వేయరు. నాకు బీఈఈ (బేసిక్ ఎలక్ట్రికల్), ఎమ్-1 రెండూ పోయాయి.

బ్యాక్‌లాగ్ (పోయిన సబ్జెక్టు) ఉన్నవాళ్లకి నా మాట: రెండో సెమ్ సిలబస్‌తో పాటే సప్లీకి, అంటే దాన్ని మళ్లీ రాసే పరీక్షకి, రోజూ గంట కేటాయించండి. "ఫైనలియర్‌లో చూద్దాం" అన్న మా సీనియర్, కంపెనీ క్యాంపస్‌కి వచ్చిన రోజు రూమ్‌లో పడుకున్నాడు. యాక్టివ్ బ్యాక్‌లాగ్ ఉంటే చాలా కంపెనీలు రాయనివ్వవు. 6.5 దాటిందా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

డాలస్_డైరీ
ఇక్కడ ఎమ్మెస్ మొదటి సెమ్. స్కేలు 4కి మారుతుంది కానీ టెన్షన్ అదే. మాకు 3.0 కిందకి పోతే ప్రొబేషన్. నాకు రెండు బీలు, ఒక సీ వచ్చి 2.67 అయింది. రెండో సెమ్‌లో రెండు ఏలు, ఒక బీ తెచ్చుకుంటే మొత్తం 3.17కి చేరింది.

అమెరికా వచ్చేవాళ్లకి ఒకటే హెచ్చరిక. కోర్సు కష్టంగా ఉందని మీ అంతట మీరు డ్రాప్ కొట్టకండి. డ్రాప్ చేస్తే పడే డబ్ల్యూ గ్రేడు జీపీఏలో కలవదు, నిజమే. కానీ ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఫుల్‌టైమ్ క్రెడిట్లు తగ్గితే స్టేటస్‌కే ఎసరు. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే అధికారిని) కలిసి, ఆ తర్వాతే ఏదైనా.

ఇద్దరు_పిల్లల_తండ్రి
నాన్నా, మీ నాన్నకి ఇవాళే చెప్పు. మా అబ్బాయి ఇలాగే దాస్తే, పక్కింటివాళ్ల ద్వారా తెలిసింది. మార్కుల కన్నా అదే ఎక్కువ కష్టమనిపించింది. రాత్రుళ్లు నిద్ర పట్టక, బతుకు మీదే విరక్తిగా ఉంటే మాత్రం 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

సీఎస్ఈ_ఫ్రెషర్
చెప్పేశాను అంకుల్. "తొమ్మిది వచ్చినోడి ఫోన్ నంబరుందా, వాడి దగ్గర కూర్చో" అన్నారు, అంతే. మరి రీవాల్యుయేషన్ సంగతి?

లెక్కల_పంతులుబిడ్డ
ఇంకో 2 మార్కులొస్తే నీది 50, బీ గ్రేడ్. సీ నుంచి బీకి ఒక గ్రేడ్ పాయింట్ తేడా, ఎమ్-1 నాలుగు క్రెడిట్లు కాబట్టి 4 పాయింట్లు పెరుగుతాయి. ఎస్‌జీపీఏ 6.4 అవుతుంది, నాలుగేళ్ల సీజీపీఏలో మాత్రం 4/160, అంటే 0.025. నేనైతే పెట్టను. ఎక్స్‌టర్నల్‌లో 19, 20 దగ్గర ఆగి ఫెయిలైనవాళ్లు మాత్రం తప్పకుండా పెట్టండి.

సప్లీ_సుబ్బారావు
నాకు 20!! లాస్ట్ డేట్ ఎప్పుడు??

చాక్‌పీస్
రిజల్ట్స్‌తో పాటు వచ్చిన నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. గడువు చాలా తక్కువ ఇస్తారు. రేపు పొద్దున్నే కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్లు. రీకౌంటింగ్ అంటే మార్కులు మళ్లీ కూడటమే, పేపర్ మళ్లీ దిద్దించుకోవాలంటే రీవాల్యుయేషన్ అని స్పష్టంగా రాయి.